కుర్చీ మీది క్లార్నెట్

మా ఆయన సచ్చిపోయిండని నాకంటె ముందు గోవోళ్లకు తెలిసింది, బొంబాయోళ్లకు తెలిసింది. ఆయనేమో సరూర్‌నగర్‌ల మా కిరాయింట్ల కాళ్లు జాపుకొని, చాయ్‌ల చక్కెర తక్కువేసినవని నన్ను తిట్టుకుంట కూసున్నడు. మీరు నవ్వుతరు గని నాకప్పుడు నవ్వు రాలె. అప్పటికే నేను మస్తు అలిసిపోయి ఉన్న.

ఆయన పేరు బిక్షపతి. పెండ్లి బ్యాండుల క్లార్నెట్ ఊదెటోడు. ఎర్రకోటు, జరీ టోపీ, తెల్ల ప్యాంటు. నల్గొండ దిక్కు పల్లె నుంచి పదహారేండ్లకు పట్నమొచ్చి, సికింద్రాబాద్‌ల ఒక గోవా మాస్టరు దగ్గర ఊదుడు నేర్సుకున్నడు. ఆ మాస్టరే ఈయనకు జాజ్ అనే అమెరికా పాటల పిచ్చి అంటవెట్టిండు. తన ఊరికి పోయేటప్పుడు అట్టడబ్బ నిండ క్యాసెట్లు ఇచ్చిపోయిండట. పెండ్లయిన కొత్తల ఆ క్యాసెట్లు పెట్టి "ఇను యాదమ్మ, జర ఇను" అనేటోడు. నేను ఇనేదాన్ని. నాకేమో నాలుగు కుక్కర్లు ఒక్కసారి కూతేసినట్టు ఉండేది. చెవిటోని ముంగట శంఖమూదినట్టు అని మా అత్త నవ్వేది.

కని ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలె. ఆయన అందరి లెక్క పాట ఇనేటోడు కాదు. ఊదెటోడు ఊపిరి తీసుకునే జాగ ఇనేటోడు. పాట నడుస్తుంటే కండ్లు మూసుకొని కూసుంటడు, ఉన్నట్టుండి చూపుడు వేలు లేపుతడు. "ఇగో, ఈడ." అంటే ఆ అమెరికా మనిషి అక్కడ గాలి పీల్చిండన్నట్టు. నాకేం ఇనవడేది కాదు. అడిగితే, "ఆడనే తెలుస్తది మనిషేందో" అనేటోడు.

నా సంగతి జెప్తే, నేను పదో తరగతి పాసయినంక దిల్‌సుఖ్‌నగర్‌ల టైపు నేర్సుకున్న. లోయరు, హయ్యరు రెండు పాసయిన. అక్కడనే ఒక కోచింగ్ సెంటర్‌ల నోట్సులు, మాదిరి వ్యాసాలు, ప్రశ్నాపత్రాలు కొట్టే పని. పద్దెనిమిదేండ్లు అదే కుర్చీ. పొద్దంత పోటీ పరీక్షల ప్రశ్నలు కొట్టి కొట్టి వేళ్లు కొంకర్లు వోయేటియి. సాయంత్రం ఆరైతే ఈయన ఒచ్చి నా పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఏసుకునేటోడు. ఎందుకంటె మా బిడ్డ ఇందు, నర్సింగ్ హాస్టల్‌కు పోయే ముందు, వాళ్ల నాయనను నెట్‌ల ఒక జాజ్ గ్రూపుల చేర్పించిపోయింది. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఆయన తెలుగుల చెప్పాలె, నేను ఇంగ్లీషుల కొట్టాలె. మా సారు మంచోడు, పనయినంక సిస్టమ్ వాడుకో అన్నడు గాబట్టి సరిపోయింది.

ఆ గ్రూపుల మూడొందల మంది. గోవా, బొంబాయి, కలకత్తా, కొచ్చి, అమెరికాల కూడ కొందరు. ఎవలకు ఏ పాత రికార్డు దొరికింది, ఏ ఊర్ల కచేరీ ఉన్నది, ఎవరింట్ల వాన నీళ్లొచ్చినయి, ఎవరి మోకాలు నొస్తుంది, అన్ని అండ్లనే. ఎవరన్న ముసలి కళాకారుడు సచ్చిపోతే మాత్రం ఒక పద్ధతి ఉండేది. అందరు నివాళి రాస్తరు. రాసినంక ఒక్క రోజు గ్రూపుల ఎవ్వరు మాట్లాడరు. చావింట్ల పొయ్యి ముట్టియ్యనట్టు.

ఆ నివాళి రాసే పని పోయి పోయి మా ఆయన మీద వడ్డది. బిక్షపతి రాస్తేనే పోయినోని ఆత్మకు శాంతి అనేటోళ్లు. ఈయన చెప్పేది రెండు ముక్కలు. "మంచిగ ఊదేటోడు. గాలి దాసుకునేటోడు." అయిపాయె. నేను దాన్ని పదిహేను లైన్లు చేసేదాన్ని. పద్దెనిమిదేండ్లు కొట్టిన మాదిరి వ్యాసాలు ఏడికి పోతయి మరి? ఒకసారి ఇట్ల రాసిన: 'ఊదినంత సేపు పాట అందరిదీ. ఊపిరి తీసుకునే గడియ మాత్రం ఊదినవాడిదే.' అది సూసి గోవాల ఒకాయన ఏడ్చిండట. నాకు లోపల లోపల గర్వమే అనిపించింది, అబద్ధమెందుకు.

ఇంకొక అలవాటు చెప్పాలె, తర్వాత కొంప ముంచింది అదే. ఆఫీసు ఉత్తరాలు కొట్టి కొట్టి, నేను ముందుగాల కింది సంతకమే కొడత. 'బిక్షపతి, సరూర్‌నగర్' అని కొట్టి, పైకి పోయి అసలు ముచ్చట రాస్త.

రెండువేల తొమ్మిదిల ఆయన ఊపిరితిత్తులు చెడిపోయినయి. ఎర్రగడ్డ ఛాతి దవాఖాన చుట్టు ఆర్నెల్లు తిరిగినం. ఇంక ఊదితే పానానికే మోసమని డాక్టర్ తెగేసి చెప్పిండు. బ్యాండు సేటు మాత్రం పనిల నుంచి తీసెయ్యలె. బరాత్‌ల, అంటె పెండ్లి ఊరేగింపుల, పది ఎర్రకోట్లు కనవడాలె, ఎనిమిదే ఉంటే పెండ్లోళ్లు మొకం మాడుస్తరు. అందుకే ప్రతి బ్యాండుల ఇద్దరు ముగ్గురు డమ్మీలుంటరు. బాజా నోటికి పెట్టుకుంటరు, బుగ్గలు ఉబ్బిస్తరు, వేళ్లు ఆడిస్తరు, గాలి మాత్రం ఊదరు. అన్నం తినెటోళ్లకు ఏం తెలుస్తది? ముప్పై ఏండ్లు ఊదిన మనిషి డమ్మీ అయిండు.

ఈ సంగతి గ్రూపుకు చెప్పలె. చెప్పకపోంగ, "నిన్న వనస్థలిపురంల పెండ్లి, బరాత్‌ల గంటసేపు ఊదిన" అని నాతోనే రాపిచ్చేటోడు. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత. అబద్ధమని తెలిసి కూడ ఆయన మొకం సూసి కొట్టేదాన్ని.

గ్రూపుల హైదరాబాదోళ్లు ఇద్దరే. మా ఆయన, ఎల్బీనగర్‌ల సాంబమూర్తి అని రిటైర్డు లెక్చరరు. ఆయనది కాకినాడ దిక్కు. గ్రూపుల రాజకీయాలు మాట్లాడొద్దని రూలు. కని అవి తెలంగాణ లొల్లి మాంచి మీదున్న రోజులు. ఒకసారి ఆ సారు, ఈ బందులతోటి రికార్డుల షాపుకు కూడ పోలేకపోతున్నమని రాసిండు. నాకు సుర్రుమన్నది. మా ఆయన వద్దు వద్దంటనే ఉన్నడు, నేను ఇననే లేదు. 'మీకు రికార్డులే పోయినయి, మా పిల్లలకు పానాలే పోతున్నయి' అని కొట్టి పడేసిన. గ్రూపు నడిపేటోళ్లు రెండు మాటలూ తీసేసిండ్రు. గంతే, నడుమ నాలుగు కిలోమీటర్లే, కని రెండేండ్లల ఒక్కసారి కూడ ఆ ఇద్దరు కలువలె. ఒకలు రమ్మనలె, ఒకలు పోలె.

రెండువేల పదకొండు ఆగస్టుల గ్రూపోళ్లకు ఒక ఆలోచనొచ్చింది. డిసెంబర్‌ల అందరు హైదరాబాద్ ఒస్తరట. మొత్తం గ్రూపుల ఊదెటోడు ఒక్క బిక్షపతే, మిగిలినోళ్లమంత ఇనెటోళ్లమే, గాబట్టి బిక్షపతి ఒక పావుగంట ఊదాలట. ఆయన "సరే అని రాయి" అన్నడు. నేను ఆయన దిక్కు సూసిన. "రాయమంటున్న గదా" అని గుర్రుమన్నడు. ఆ దినం నుంచి మనిషికి కూడు సయించలె. నిజం చెప్పి ఇజ్జత్ పోగొట్టుకునుడా, డిసెంబర్‌ల అందరి ముంగట పోగొట్టుకునుడా, ఆయన ముంగట ఉన్నయి ఆ రెండే.

గంతల్నే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు బంద్, ఆఫీసులు బంద్, బడులు బంద్. సింగరేణిల బొగ్గు ఆగిపోయి కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెల్వదు. మా సెంటర్ సగం షట్టర్ ఎత్తి నడుస్తుండె. నేను సరూర్‌నగర్ చెరువు కట్ట మీదికెళ్లి నడుసుకుంట పోయి, నడుసుకుంట ఒచ్చేదాన్ని. రోడ్డు మీద బతుకమ్మలు, రోడ్డు మీదనే వంటలు. రావాలె, తెలంగాణ రావాలె అని నేను కూడ చప్పట్లు కొట్టిన. ఇంటికొచ్చినంక కాళ్లు వాసినయి.

దసరా ముందటి రోజు మా ఇంట్ల ఆయుధపూజ. బ్యాండోళ్లకు అది పెద్ద పండుగ. ఎవల బాజాకు వాళ్లు పూజ చేసుకుంటరు, ఆ దినం దాన్ని ముట్టరు. మా ఆయన పొద్దుగాలనే కుర్చీ కడిగి, దాని వీపుకు ఎర్రకోటు తొడిగి, మీద టోపీ పెట్టిండు. కూసునే జాగల తెల్లబట్ట పరిసి క్లార్నెట్ పెట్టిండు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ముంగట దీపం, ఊదుబత్తులు. దూరం నుంచి సూసి, "మంచిగున్నది, ఫోటో తియ్యి. గ్రూపోళ్లకు మన పండుగ సూపిద్దం" అన్నడు. నా ఫోన్ల తీసిన.

మాపటికి సెంటర్‌కు పోయినం. ఫోటో ఎక్కించిన. అలవాటు కొద్ది కింద 'బిక్షపతి, సరూర్‌నగర్' అని కొట్టిన. "ఇగ చెప్పు, ఏం రాయాలె?" అని ఆయన దిక్కు తిరిగిన. ఆయన గొంతు సవరించుకుంటున్నడు. నేను ఒత్తాల్సింది ఒత్తకుండ ఇంకేదో ఒత్తిన, ఏం రాయకముందే ఫోటో గ్రూపుకు పోయింది. అయ్యో అనుకునేలోపల కరెంటు కూడ పోయింది. గంట సూసినం. రాలె. రేపు రాద్దాం తీ అని ఇంటికొచ్చినం.

రేపంటే దసరా. ఎల్లుండి సెంటర్ తియ్యలె. ఆ పైన మళ్ల బంద్. ఆరో రోజు సోమవారం పోయి తెరిస్తే, నూట పద్నాలుగు మాటలున్నయి. మొదటిది సదివి, పైకి పోయి మా ఫోటో మళ్ల సూసిన. ఖాళీ కుర్చీ, మనిషి లేని కోటు, దండేసిన బాజా, దీపం, కింద పేరు. ఆ ఊరోళ్లకు ఆయుధపూజ ఏం తెలుస్తది? బిక్షపతి పోయిండనుకున్నరు. నివాళులు రాసిండ్రు, ఒక రోజు మౌనం కూడ పాటించేసిండ్రు.

"ఏమన్నరు?" అన్నడు ఆయన, పండుగ శుభాకాంక్షలనుకొని.

"నువ్వు సచ్చినవన్నరు" అన్న.

చెప్పమంటే ఒక్కొక్కటి తెలుగు చేసి చెప్పిన. రికార్డులల్ల ఊపిరి ఇనుడు ఆయనే నేర్పిండని ఒకలు. ఆయన పెండ్లి బరాత్‌ల ముచ్చట్లు ఇంక ఎవరు చెప్తరని ఒకలు. సగం మంది, 'ఊపిరి తీసుకునే గడియ మాత్రం ఊదినవాడిదే' అన్న మాటనే మళ్ల మళ్ల రాసిండ్రు. అది నా మాట. నా మాటల దండ గుచ్చి నా మొగనికే ఏసిండ్రు. ఆఖర్ల ఒకలు, డిసెంబర్ల కలుసుడు రద్దు, బిక్షపతి లేని ఊరికి ఏం మొకం పెట్టుకొని పోతం అని రాసిండ్రు.

ఆయన కండ్లల్ల నీళ్లు. "ఇంకోసారి సదువు" అన్నడు. సదివిన. నేను కీబోర్డు మీద చేతులు పెట్టి, "చెప్పు, బతికే ఉన్ననని రాస్త" అన్న.

"వద్దు. ఉండనియ్యి."

"ఏందీ?"

"గట్లనే ఉండనియ్యి యాదమ్మ. బతికుంటే నేను డమ్మీని. సస్తే ఆర్టిస్టుని. ఏది మంచిగున్నదో నువ్వే చెప్పు."

నా ఒళ్లు మండిపోయింది. "నీ ఇజ్జత్ కోసం నేను ముండమొయ్యాల్నా? పండుగ పూట నూరు మంది నాకు ధైర్యం చెప్పిండ్రు, సూసినవా? నా బొట్టు నీకు అంత అల్కగ ఉన్నదా?" అని అరిసిన. సారు లోపలి నుంచి తొంగి సూసిండు. ఆయన లేసి, కుర్చీ గోడకేసి, బయటికి నడిసిండు. ఇంటి దాక నేను ముంగట, ఆయన ఎనక. ఆయన దగ్గు ఇనవడుతుంటె ఉన్నడని తెలుస్తుండె. రెండు రోజులు మాటల్లేవు. అన్నం పెట్టిన, తిన్నడు. నాకైతే కోపం కంటె బాధ ఎక్కువ. ఇంత మనిషి సచ్చుడు సుఖమనుకుంటుంటె పక్కన పండుకున్న నాకు ఎట్లుంటది?

బుధవారం పొద్దుగాల పదింటికి ఎవరో గేటు కొట్టిండ్రు. తీస్తే తెల్లని మనిషి, డెబ్బై దగ్గరుంటయి, చెమటకు అంగీ ఒంటికి అతుక్కపోయింది. చేతుల గులాబీల దండ. వీధి వీధి తిరిగి బ్యాండు బిక్షపతి ఇల్లెక్కడని అడుక్కుంట ఒచ్చిండట.

"అమ్మా, నేను సాంబమూర్తినండి. ఎల్బీనగర్ నుంచి. బస్సుల్లేవు కదా, నడిచే వచ్చాను. ఆలస్యమైపోయింది, క్షమించాలి. ఒక్కసారైనా బిక్షపతి మాస్టారిని చూడలేకపోయాను" అన్నడు. అంటనే నా నొసటి బొట్టు సూసిండు. మెడల పుస్తె సూసిండు. ఆగిపోయిండు.

నేను అప్పుడే నిజం చెప్పాలె. నోరు రాలె. లోపల పండుకున్న మనిషి ఇనవడంగనే ఊపిరి బిగవట్టిండు, నాకు తెలుసు. కని ఆ ఊపిరితిత్తులు ఆయన మాట ఎప్పుడిన్నయి గనక? దగ్గొచ్చింది. ఒక్కటి కాదు, వరసగ. ఆఖరికి గోడ పట్టుకొని, లుంగీ సవరించుకుంట ఆయనే బయటికొచ్చిండు.

సాంబమూర్తి సారు మెట్టు మీద కూలవడ్డడు. "నాలుగు కిలోమీటర్లు నడిచానయ్యా!" అన్నడు. తర్వాత నవ్విండు, తర్వాత కండ్లు తుడుసుకున్నడు. నేను మంచినీళ్లిచ్చి, ఆ దండ చేతుల నుంచి గుంజుకున్న. "గడప లోపలికి తేకుండ్రి సార్" అని గేటు అవతల మా ఇంటి ఓనరోళ్ల ఆటోకు ఏసొచ్చిన.

కుర్చీ పూజ గురించి చెప్పిన. ఆయన తల కొట్టుకున్నడు. "మా కాకినాడలోనూ చేస్తామమ్మా ఆయుధపూజ. నాకైనా తట్టాలి కదా! అందరూ ఏడుస్తుంటే నేనూ ఏడ్చేశాను. బతికున్నారు, అది చాలు. అయితే డిసెంబర్లో ఊదుతారన్న మాట!"

మా ఆయన లోపలికి పోయి క్లార్నెట్ తెచ్చిండు. మెట్టు మీద సారు ముంగట కూసొని నోటికి పెట్టుకున్నడు. బుగ్గలు ఉబ్బిచ్చిండు. వేళ్లు ఆడిచ్చిండు. ఒక్క చప్పుడు లేదు. మీటల టిక్కు టిక్కు తప్ప ఏం లేదు. సారు మొదలు నవ్వు మొకంతోటి సూసిండు, ఇప్పుడొస్తది ఇప్పుడొస్తదని. తర్వాత ఆ నవ్వు పోయింది. ఈయన ఆపలె. పాట మొత్తం, నడుమ ఊపిరి తీసుకునే జాగలతో సహ, ఆఖరి దాక అట్లనే వాయించి దించిండు.

"గిదే సార్ నేను చేసేది. రెండేండ్ల నుంచి పట్టుకొని నిలబడుడే. మీకు రాసినయన్ని అబద్ధాలు" అన్నడు.

వీధిల ఎవరో స్కూటర్ మీద జై తెలంగాణ అనుకుంట పోయిండ్రు. సారు చేతుల గిలాసనే చూసుకుంట కూసున్నడు. "బాధేసిందండి, నిజం చెబుతున్నా. మూడొందల మందిలో ఒక్కరైనా ఊదేవారున్నారని నేను గొప్పలు చెప్పుకునేవాడిని" అన్నడు. గిలాస కింద పెట్టి, "మూడు చోట్ల ఊపిరి తీసుకున్నారు కదూ?" అన్నడు.

మా ఆయన తల లేపిండు. "నాలుగు" అన్నడు. "ఒకటి దాసుకున్న."

సారు పోయేటప్పుడు గ్రూపుకు ఏం రాద్దామని అడిగిండు. ఇద్దరు నా దిక్కు సూసిండ్రు. "నన్నేం సూస్తరు? ఆయన చెప్తే కొట్టేదాన్ని నేను" అన్న కోపంగ. మా ఆయన, "ఎప్పుడు నేను చెప్పిన? రెండేండ్ల నుంచి రాసేది నువ్వే గదా. నువ్వే రాయి" అన్నడు. తెలుసన్నట్టు ఆయనకు. ఇంగ్లీషు రాకున్నా, రెండు ముక్కలకు పదిహేను లైన్లెట్ల అయితున్నయో కండ్లకు కనవడదా? నాకు ఏడుపాగలె.

ఆ సాయంత్రం ఒక్కదాన్నే సెంటర్‌కు పోయిన. మాదిరి వ్యాసం లెక్క రాయలె. 'నేను ఆయన భార్యను, ఇన్నాళ్లు రాసింది నేను. అది మా పండుగ ఫోటో. ఆయన బతికే ఉన్నడు. ఊదుడు బందయి రెండేండ్లయింది, పెండ్లిల్ల క్లార్నెట్ పట్టుకొని నిలబడతడు. సిగ్గుకు మీకు చెప్పలె. తప్పయింది' అని రాసి పంపిన.

తెల్లారి పోయి సూస్తే ఒక్క మాట లేదు. మూడొందల మంది మౌనం. మనిషి పోయినప్పుడు చేసే మౌనమే ఇది. ఇంటికొచ్చి ఆయనకు చెప్పిన. "అంతే గద మరి" అని గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నేనే ఆయనను రెండోసారి సంపిన అనిపించింది.

మూడో రోజు రానంటే రానన్నడు, చెయ్యి పట్టి గుంజుకపోయిన. గోవా ఆయన ఒక పాత రికార్డు పెట్టిండు. పరామర్శ లేదు, కోపం లేదు. కింద ఒకటే లైను. 'బిక్షపతి గారూ, మేము ముప్పై మందిమి విన్నాం, ఒక్కరికీ అందలేదు. ఈయన ఊపిరెక్కడ తీసుకున్నాడు?'

తెలుగు చేసి చెప్పిన. ఆయన ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి గుంజుకొని కండ్లు మూసుకున్నడు. పాట పెట్టిన. నాకైతే ఎప్పటి లెక్కనే కుక్కర్ల కూతలు. రెండు నిమిషాలు దాటినంక ఆయన వేలు లేసింది.

"ఇగో, ఈడ."

నాకేం ఇనవడలె. వేలు సూసి, గడియారం సూసి, రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు అని కొట్టిన. పేరు మాత్రం ఈసారి ఆఖరుకు కొట్టిన.